నాన్నగారి మతిమరుపు పొగ వల్లేనా?

ప్రశ్న: మాది హైదరాబాద్ బాలానగర్‌లో మెయిన్ రోడ్డు పక్క ఇల్లు. రోజూ తుడిచినా కిటికీ గట్టు నల్లబడుతుంది. నాన్నకు 67 ఏళ్లు, బీపీ ఉంది, ఏడాదిగా మతిమరుపు. పాప మూడో తరగతి, నా భార్యకు ఐదో నెల. పొగ మెదడునూ దెబ్బతీస్తుందని విన్నాక టెన్షన్‌గా ఉంది. ఇల్లు మారాలా?

జవాబు: మీరు విన్నది నిజమే. కానీ నాన్నగారి మతిమరుపును పొగ ఖాతాలో వేసేసి ఊరుకోకండి. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులుగా ఉన్నా, చెవులు సరిగా వినపడకపోయినా, చివరికి రోజూ వేసుకునే నిద్రమాత్రల వల్ల కూడా మతిమరుపు రావచ్చు, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ముందు ఆ పరీక్షలు చేయించండి. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, చిల్లర లెక్క తేలకపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. మెదడులోని సన్నటి రక్తనాళాలను బీపీ ఎలా పాడుచేస్తుందో పొగ కూడా అలాగే పాడుచేస్తుంది, రెండూ కలిస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఇక పొగ సంగతి. మీరు కిటికీ దగ్గర తుడిచే దుమ్ములో పెద్ద రేణువులు చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. అసలు ప్రమాదం పీఎం 2.5 అనే అతి సన్నటి కణాలతో. వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతుండే ఈ కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలో కలుస్తాయి, కొన్ని వాసన నరాల వెంట నేరుగా మెదడుకే చేరతాయని పరిశోధకులు చెబుతున్నారు. మెక్సికో సిటీ, మాంచెస్టర్‌లలో చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షిస్తే, బాగా వేడి మీద మండిన చోట పుట్టే రకం ఇనుప కణాలు కనిపించాయని 2016లో బయటపెట్టారు. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ముప్పును పెంచే, మనం తగ్గించుకోగల కారణాల్లో గాలి కాలుష్యాన్నీ చేర్చింది. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే మన దేశ ప్రమాణం 40 దగ్గర ఉంది, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పిల్లల విషయానికొస్తే, బార్సిలోనా బడుల్లో చేసిన అధ్యయనంలో ట్రాఫిక్ కాలుష్యం ఎక్కువున్న చోట చదివే పిల్లల్లో జ్ఞాపకశక్తి ఎదుగుదల నెమ్మదిగా సాగింది. అంటే మీ పాప చదువులో వెనకబడిపోతుందని కాదు, బడికి పంపే దారి గురించి కాస్త ఆలోచించమని. లారీలు, బస్సులు తిరిగే రోడ్డు వదిలి లోపలి వీధుల్లోంచి తీసుకెళ్లండి. గర్భిణులకు పొగ వల్ల నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం లాంటి ముప్పు ఉంటుంది కాబట్టి మీ భార్య బయటికెళ్లేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. చున్నీ, కర్చీఫ్ ఈ కణాలను సరిగా ఆపలేవు.

ఇల్లు మారగలిగితే మంచిదే, అద్దె అందరికీ కుదరదని నాకూ తెలుసు. రోడ్డు వైపు కిటికీలు రద్దీ వేళల్లో మూసేయండి. చలికాలం పొద్దున్నే పొగ కిందికే పట్టి ఉంటుంది, కాబట్టి నాన్నగారి వాకింగ్ ఎండ వచ్చాక, రోడ్డుకు దూరంగా పెట్టుకోమనండి. పొడి చీపురు బదులు తడిగుడ్డతో తుడవండి. దోమల కాయిల్, గదంతా కమ్మేసే అగరుబత్తి పొగ కూడా ఇలాంటి కణాలే, కాయిల్ మానేసి దోమతెర కట్టండి. ఎప్పుడైనా నాన్నగారికి ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.