ఒక్క పగలు చెన్నైలో: మేనత్త ఇల్లా, అమరావతి శిల్పాలా?

మీరు అడిగింది ఇదీ: ఉదయం చెన్నై సెంట్రల్‌లో దిగుతారు, రాత్రి ఎగ్మోర్ నుంచి మదురై రైలు. అన్నానగర్‌లో మేనత్తగారు ఉన్నారు. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ఒక్క పగట్లో రెండూ అవుతాయా, ఏదో ఒకటి వదులుకోవాలా?

వదులుకోకండి. మీ అత్తగారిని మ్యూజియానికే రమ్మనండి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లండి. నేనిలా చెప్పడానికి మా పెద్దమ్మే కారణం.

పెద్దమ్మది షెనాయ్ నగర్. పెళ్లయి మద్రాసు వచ్చి నలభై ఏళ్లు దాటింది. పుట్టింది మాత్రం అమరావతి పక్కన, కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో. నేను తిరుచ్చి వెళ్తూ మొదటిసారి చెన్నైలో ఆగినప్పుడు సెంట్రల్‌లో దిగి నేరుగా ఆవిడ ఇంటికే వెళ్లాను. మన ఇళ్ల సంగతి మీకు తెలియంది కాదు. స్నానం, ఇడ్లీలు, అందరి క్షేమసమాచారాలు, గోంగూర పచ్చడితో భోజనం, "కాసేపు నడుం వాల్చరా, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చావు" అన్న మాట. లేచి చూస్తే నాలుగు దాటింది. మ్యూజియం ఐదుకి మూసేస్తారు. పెద్దమ్మ ప్రేమగా పెట్టిన భోజనం మధ్యలో లేచి వెళ్లలేం, వెళ్లకూడదు కూడా. అందుకే మ్యూజియం ముందు, ఇల్లు తర్వాత.

రెండోసారి ముందురోజే ఫోన్ చేశాను. "పెద్దమ్మా, రేపు పదింటికి ఎగ్మోర్ మ్యూజియం దగ్గరికి వచ్చెయ్యి, మన అమరావతి రాళ్లు చూద్దాం" అన్నాను. "మన అమరావతివా? ఇక్కడ ఎందుకున్నాయిరా?" అంది. ఇన్నేళ్లలో ఆవిడకు ఆ విషయం ఎవరూ చెప్పలేదు.

ఎందుకున్నాయో కొంచెం తెలుసుకుని వెళ్తే చూపే మారుతుంది. అమరావతిలో బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను ఊళ్లో దీపాలదిన్నె అనేవాళ్లు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడికి రాజధాని మార్చినప్పుడు కట్టడాల కోసం ఆ దిబ్బను తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. ఆ మాట విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఈలోపు చాలా రాళ్లు గోడల్లోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి, దొరికినవి మద్రాసుకు పంపాడు. వాటిలో చాలావరకు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసులో మిగిలినవి, ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికి ఇక్కడికి చేరినవి మనం ఎగ్మోర్‌లో చూస్తాం. అప్పటికి మన ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, రాళ్లు మద్రాసుకు రావడం అప్పట్లో ఎవరికీ వింతగా తోచి ఉండదు. నాకు మాత్రం ఇప్పటికీ అక్కడ నిలబడితే గుండె బరువెక్కుతుంది.

పెద్దమ్మ లోపలికి వచ్చి మొదట చేసిన పని రాయి రంగు చూడటం. "ఇది పల్నాటి రాయేరా" అంది. నిజమే, పల్నాటి సున్నపురాయే అది. ఒక పలక మీద పూలు నిండిన పూర్ణకుంభం చూసి ఆగిపోయింది. "ఇది గవర్నమెంటు కాగితాల మీద ఉంటుంది కదా?" అని అడిగింది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటం అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే అని చెప్తే, చెయ్యి పెట్టబోయి ముట్టకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

మీరు తప్పకుండా వెతికి చూడాల్సింది బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి అనే ఏనుగు ఫలకం. గుండ్రటి ఒక్క రాతిలో కథంతా ఉంది. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలోకి దూసుకొస్తోంది, జనం పడుతూ లేస్తూ పరిగెడుతున్నారు, భయంతో ఒకరినొకరు పట్టుకున్నారు. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్నవాళ్లు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ఉలి పని. పెద్దమ్మ చూపు ఏనుగు మీద కాదు, ఆ కిటికీల మీద పడింది. "తేరు వస్తే మేం ఇలాగే మేడెక్కి చూసేవాళ్లం" అంది. నేను చదివి వెళ్లిన విషయాలేవీ నాకు అది చూపించలేదు. చుట్టాన్ని వెంట తీసుకెళ్లమనేది ఇందుకే.

బుద్ధుడి భిక్షాపాత్రను దేవతలు ఆడుతూ పాడుతూ ఊరేగించే ఫలకం కూడా వదలకండి. ఆ తర్వాత ఓపిక ఉంటే కంచు విగ్రహాల గ్యాలరీ, అందులోనూ తిరువాలంగాడు నటరాజు, తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు చాలు. అన్నీ చూడాలని పరిగెత్తితే ఏదీ మిగలదు. రెండు గంటలు సరిపోతాయి.

ఇక ప్రయాణం సంగతి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మీ తేదీ ఏ వారమో ముందే చూసుకోండి. తెరిచేది తొమ్మిదిన్నరకి. పెట్టెలు సెంట్రల్ క్లోక్ రూమ్‌లో పెట్టొచ్చు, తాళం వేసి ఉండాలి, రైలు టికెట్ చూపించాలి. కానీ మీ రాత్రి రైలు ఎగ్మోర్‌లో కాబట్టి సామాను ఎగ్మోర్‌లోనే పెడితే మళ్లీ సెంట్రల్‌కు తిరగక్కర్లేదు. సెంట్రల్ నుంచి మెట్రోలో ఎగ్మోర్ తర్వాతి స్టేషనే. అక్కడినుంచి మ్యూజియానికి ఆటో చాలు. తిరిగి ఎగ్మోర్‌లో మెట్రో ఎక్కితే అదే లైన్‌లో అయిదో స్టేషన్ అన్నానగర్ ఈస్ట్, మారే పని లేదు. ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటారు, భోజనానికి, కబుర్లకు సాయంత్రం దాకా టైం ఉంటుంది.

మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే మెట్రో బదులు ఇంటినుంచి కారులోనే రమ్మనండి. ఉదయం ఎండ ముదరకముందే బయల్దేరమని, వంట మాత్రం తిరిగొచ్చాక కలిసి చేసుకుందామని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే ఆవిడ తెల్లవారుజామునే లేచి వంటింట్లో నిలబడి, మ్యూజియానికి వచ్చేసరికే అలిసిపోతారు. మా పెద్దమ్మ అలాగే చేసింది.