నీ రాడార్‌కి అంత చూపు లేదమ్మాయ్

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. కోపం తగ్గాక మళ్ళీ కూర్చుంటే పదకొండో పేజీలో ఒక వాక్యం తగిలింది. ఆపరేటరు రాడార్ తెర మీది రబ్బరు తొడుగులోంచి మొహం పైకెత్తితే కళ్ళ చుట్టూ ఎర్రగా అచ్చు పడి ఉంటుంది, డ్యూటీ మార్చుకోడానికి వచ్చినవాడు అది చూసి నవ్వుతాడు, గంట తర్వాత వాడి మొహం మీదా అదే అచ్చు. ఎక్కడ చూశావో, ఎవరు చెప్పారో తెలీదు గానీ నేను పదకొండేళ్ళు ఆ అచ్చు మొహాన వేసుకుని తిరిగినవాణ్ణి, చదవగానే చెయ్యి దానంతటదే కళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ ఒక్క ముక్క లేకపోతే "బాగుంది, రాస్తూ ఉండు" అని కార్డు రాసి ఊరుకునేవాణ్ణి.

మెచ్చుకోలు అయిపోయింది. ఇక నాలుగో పేజీ.

24 మీటర్ల గస్తీ బోటు. అందులో నీ హీరో 60 మైళ్ళ అవతలున్న స్మగ్లర్ల లాంచీని రాడార్‌లో చూస్తాడు. చూసి ఊరుకోడు, దాని ఆకారం కూడా పోల్చుకుంటాడు. రాడార్ ఏమో ‘బీప్... బీప్...’ అంటూ ఉంటుంది. ఎందుకంటుంది తల్లీ? శబ్దం పంపి, తిరిగొచ్చిన శబ్దాన్ని చెవితో వినేది సోనార్, అది నీళ్ళ కింద సంగతి. ఈ రెంటినీ కలిపేసిన పుణ్యం సినిమాలది. రాడార్ పక్కన కూర్చుంటే వినపడేవి ఫ్యాన్ హోరు, పైన స్కానర్‌ని, అంటే తరంగాలు పంపే ఏరియల్‌ని, తిప్పే మోటారు మూలుగు, అన్నిటినీ మింగేసే ఇంజన్ల దడదడ. అసలు చిన్న బోటులో ఆపరేటరు కష్టం ఏమీ వినపడకపోవడమే. పొట్ట తిప్పేస్తుంటే ఒక చేత్తో రెయిలింగ్, ఒక చేత్తో నాబ్ పట్టుకుని ఆ తొడుగులోకి మొహం దూర్చి కూర్చోవాలి. అది రాయలేదు నువ్వు.

60 మైళ్ళ సంగతి కాగితం మీద లెక్క వేసుకో, పెద్ద చదువేం అక్కర్లేదు. రాడార్ తరంగం దాదాపు చూపులాగే పోతుంది, భూమి గుండ్రం కాబట్టి కొంతదూరం తర్వాత సముద్రమే అడ్డొస్తుంది. నీటిమట్టం నుంచి స్కానర్ ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే ఎంత దూరం చూస్తుందో నాటికల్ మైళ్ళలో వస్తుంది. నీ బోటు మాస్ట్ మీద స్కానర్ 9 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం, అంతకంటే పైన బరువు పెడితే బోటు మరీ ఊగుతుంది. అంటే 6.6 మైళ్ళు. ఎదుటి లాంచీ 4 మీటర్లు పైకి తేలి ఉంటే దాని వంతు ఇంకో 4.4. కలిపితే 11. నువ్వు 60 రాశావు.

ఆకారం సంగతి కూడా అంతే. నాలుగడుగుల స్కానర్ నుంచి పోయే కిరణం పక్కలకి దాదాపు రెండు డిగ్రీల వెడల్పు. పది మైళ్ళ దూరం పోయేసరికి ఆ రెండు డిగ్రీలే 650 మీటర్లు అవుతాయి. పక్కపక్కన 300 మీటర్ల ఎడంలో రెండు లాంచీలు వస్తుంటే నీ హీరోకి కనపడేది ఒక్కటే మచ్చ, కాస్త సాగి అరటికాయలా ఉంటుంది. నాలుగు మైళ్ళకి వచ్చాక అదే మచ్చ రెండుగా చీలుతుంది. ఒక్కడే అనుకుని వెంటపడినవాడికి ఇద్దరు తేలారు! ఎంత మంచి సీను చేతికందేదో చూడు. దాన్ని వదిలేసి ఆకారం, బీపు.

నేను ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్తున్నదీ, ఎవరూ వినిపించుకోనిదీ ఒకటే. ఆ డబ్బా ఏం చూసిందో కాదు, ఏం చూడలేదో రాయి. రాడార్ ఓడల్ని చూపించదు, తిరిగొచ్చినదాన్ని చూపిస్తుంది. వెళ్ళి తగిలి వెనక్కి రావడానికి మైలుకి 12.35 మైక్రోసెకన్లు, అంతే దానికి తెలిసిన ప్రపంచం. తిరిగొచ్చిన ప్రతిదీ ఓడ కాదు, ఓడ అయిన ప్రతిదీ తిరిగి రాదు. ఈ రెండు ముక్కల మధ్యే నీ కథ మొత్తం ఉంది.

దూరమే కావాలని పట్టుబడితే దారి ఉంది. కొన్ని రాత్రుళ్ళు సముద్రం మీది గాలి తరంగాన్ని నీటి వెంటే వంచి ఎక్కడికో మోసుకెళ్తుంది. సెకనుకి వెయ్యి పల్సులు, అంటే తరంగపు తునకలు, పంపే సెట్టయితే 81 మైళ్ళ దాకా వెళ్ళినది తిరిగొచ్చేసరికి తర్వాతి పల్సు బయల్దేరి ఉంటుంది, సెట్టు ఆ కొత్తదాని నుంచే లెక్క మొదలెడుతుంది. అప్పుడు 90 మైళ్ళ అవతలి కొండ తెర మీద 9 మైళ్ళ దగ్గర కనిపిస్తుంది, పైగా ఒళ్ళు నలిగిపోయి, చూస్తే ఓ పెద్ద ఓడలా. నీ హీరో దాని మీదికి బోటు తిప్పి, అరగంట పోయి, ఖాళీ నీళ్ళలో నిలబడితే? కెప్టెన్ ఏమంటాడు? మర్నాడు ఇంకో మచ్చ కనపడితే చెప్పడానికి వాడికి నోరొస్తుందా? రాయి అది.

అసలు చిన్న బోట్లకి కన్ను రావడమే ఆలస్యంగా వచ్చింది. మొదట్లో వాడినవి మీటర్ల పొడుగు తరంగాలు, సన్నని కిరణం కావాలంటే పెద్ద ఏరియల్ కావాలి, అది చిన్న మాస్ట్ మీద నిలవదు. 1940లో పొట్టి తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ అనే గొట్టం వచ్చి తరంగం పది సెంటీమీటర్లకి దిగాక, 1941లో ఆర్కిస్ అనే కార్వెట్ మీద, అంటే చిన్న యుద్ధనౌక మీద, ఆ రాడార్‌ని పరీక్షించారు. అయినా అందరికీ అందలేదు. 1943 ఆగస్టు 1 రాత్రి సాలమన్ దీవుల దగ్గర అమెరికా వాళ్ళ టార్పెడో బోట్లు 15 బయల్దేరాయి, రాడార్ ఉన్నవి నాలుగే. ఆ నాలుగూ టార్పెడోలు వదిలేసి వెనక్కి వెళ్ళిపోయాయి, మిగతావి చీకట్లో మిగిలాయి. అందులో 109వ నంబరు బోటుని అమాగిరి అనే జపాన్ డిస్ట్రాయర్ వచ్చి రెండుగా చీల్చేసింది. 13 మందిలో ఇద్దరు పోయారు. బోటు కెప్టెన్ కెనెడీ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు కాబట్టి అందరూ ఆయన ఈత గురించి రాస్తారు. నాకు మాత్రం రాడార్ ఉన్న బోటు వెళ్ళిపోతున్నప్పుడు లేని బోటులో నిలబడ్డవాడి మొహం కావాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, బోటు రేడియో మెకానిక్‌ని. ఆపరేటరు వాంతులతో పడిపోతే నన్ను తెర ముందు కూర్చోబెట్టారు. గాలి పెద్దది, తెర మధ్యలో అంతా అలల మెరుపు, పిండి చల్లినట్టు. క్లట్టర్ అంటాం దాన్ని. కెప్టెన్ ప్రతి ఐదు నిమిషాలకీ వచ్చి చూసి "ఏమిటయ్యా ఈ చెత్త, ఏం కనపడి చస్తుంది ఇందులో" అని అరుస్తున్నాడు. దగ్గరి అలల్ని అణిచే నాబ్ ఒకటుంటుంది. మెల్లగా తిప్పాను, పిండి తగ్గింది. ఇంకొంచెం తిప్పాను. తెర నల్లగా, నున్నగా, అద్దంలా అయిపోయింది. కెప్టెన్ వచ్చి చూసి భుజం తట్టాడు. నాకు ఎంత గర్వం వేసిందో. పది నిమిషాలు గడిచాయో లేదో, పైన లుకవుట్ కేక వేశాడు. బోటు ఒక పక్కకి ఒరిగిపోయింది, నేను తల కొట్టుకుని కింద పడ్డాను. లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి మా పక్క నుంచి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, చెక్క చేపల పడవ ఒకటి వెనక్కి పోతోంది. అందులో ఒక మనిషి లాంతరు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవలేదు, తిట్టలేదు. లాంతరు అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

చెక్క పడవ ఎకో ఎలాగూ బలహీనం, అలల ఎకోలో కలిసిపోయి ఉంటుంది. నేను అలల్ని తుడిచినప్పుడు ఆ పడవనీ, ఆ మనిషినీ కూడా తుడిచేశాను. ఎవరూ నన్నేమీ అనలేదు. కెప్టెన్ అసలు ఆ ఊసే ఎత్తలేదు, తెర ఎందుకంత నున్నగా ఉందని ఆయనకి అనుమానమే రాలేదు. నేను రాసిన మొదటి కథ అదే. నాలుగు చోట్ల నుంచి తిరిగొచ్చింది, "సంఘటన జరగలేదు కదా, ఇందులో కథేముంది" అని ఒకాయన రాశాడు.

ఎడిటర్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. నా రెండో కథ మొత్తం గిర్రున తిరిగే చక్రంతో దిక్కు చెప్పే గైరోకీ మాగ్నెటిక్ కంపాస్‌కీ వచ్చిన తగువు మీద నడుస్తుంది. ఎవడో పాట వినడానికి కంపాస్ దగ్గర స్పీకర్ పెట్టాడు, అందులో అయస్కాంతం ఉంటుంది కదా, కంపాస్ నాలుగు డిగ్రీలు పక్కకి పోయింది. గైరోకి అయస్కాంతంతో పని లేదు, అది సరిగ్గానే చెప్తోంది. ఎవర్ని నమ్మాలి అన్నదే కథ. ఆ ఎడిటరుగారికి ఇంగ్లిషు మాట కనపడితే ఒంటికి పడదు. రెంటినీ కొట్టేసి రెండు చోట్లా ‘దిక్సూచి’ అని పెట్టారు. అచ్చయిన కథలో "దిక్సూచి చూపినదానికీ దిక్సూచి చూపినదానికీ నాలుగు డిగ్రీల తేడా వచ్చింది" అని ఉంది. చదివినవాళ్ళు అదేదో తాత్వికంగా ఉందన్నారు! ఒకాయన దాని మీద వ్యాసం కూడా రాశాడు. నీ మాటల్ని ఎవరైనా తెలుగు చేస్తామంటే ముందు ఆ వస్తువులు ఎన్నో లెక్కపెట్టి పంపు.

రేడియో దగ్గరికొద్దాం. "ఓవర్ అండ్ ఔట్" ఎక్కడుంటే అక్కడ కొట్టేయ్. ఓవర్ అంటే నా మాట అయింది, నువ్వు మాట్లాడు. ఔట్ అంటే అయిపోయింది, జవాబు అక్కర్లేదు. రెండూ కలిపితే "మాట్లాడు, మాట్లాడకు" అన్నట్టు. ఇంకా నీ కెప్టెన్ 200 మైళ్ళ అవతలి హెడ్‌క్వార్టర్స్‌తో వీహెచ్ఎఫ్ రేడియో మీద తాపీగా కబుర్లు చెప్తాడు. వీహెచ్ఎఫ్ కూడా చూపులాంటిదే, బోటు ఏరియల్ ఎత్తుని బట్టి ఎదుటివాడు బోటయితే పది, పన్నెండు మైళ్ళు, కొండ మీది స్టేషన్ అయితే ఇంకాస్త. దూరం పోవాలంటే కింది ఫ్రీక్వెన్సీలకి దిగాలి, అక్కడ చిన్న బోటుకి ఇంకో చిక్కు. అప్పట్లో ఆపదలో పిలిచే 2182 కిలోహెర్ట్జ్ మీద అలారం కొట్టాలంటే తరంగం పొడుగు 137 మీటర్లు, అందులో నాలుగో వంతు ఏరియల్ కట్టాలన్నా 34 మీటర్లు. నీ బోటే 24. పొట్టి తీగని ట్యూనర్‌తో బతిమాలి, పొడుగు తీగలా నటింపజేయాలి. మాస్ట్ దగ్గరి ఇన్సులేటరు మీద ఉప్పు పేరుకుంటే ఆ నటన కూడా సాగదు, పవరంతా కారిపోతుంది. నీళ్ళ బకెట్టూ గుడ్డా పట్టుకుని ఎన్నిసార్లు ఎక్కానో. ఒకసారి నేను పైన ఉండగానే కింద ఎవడో కీ నొక్కాడు. షాక్ కొట్టదు అది, కాలుతుంది, లోపల్నుంచి. వేలి మీద తెల్ల మచ్చ ఇంకా ఉంది. సంతకం చేసేటప్పుడు కనపడుతుంది.

ఇంకోటి. నీ కథ 1974లో జరుగుతుంది, ఏడో పేజీలో హీరో జీపీఎస్ చూస్తాడు. మొదటి జీపీఎస్ ఉపగ్రహం పైకెళ్ళిందే 1978 ఫిబ్రవరిలో. అంతా అయ్యాక కూడా మామూలు జనానికి కావాలనే పొజిషన్ చెడగొట్టి ఇచ్చేవాళ్ళు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, అది ఆపింది 2000 మే నెలలో. 1974లో నీ బోటుకి డెక్కా పెట్టు, తీరం మీది స్టేషన్ల రేడియో తరంగాలతో బోటు ఎక్కడుందో చెప్పే పెట్టె. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, మూడు డయల్స్, వాటి ముళ్ళు చూసి చార్టు మీద గీతలు కలుపుకోవాలి. పగలు మంచి పిల్లాడు. రాత్రయితే ఆకాశం నుంచి తిరిగొచ్చిన తరంగం వచ్చి కలిసి ఒక్కోసారి ‘లేన్’ జారిపోతుంది. ముల్లు మామూలుగానే తిరుగుతుంటుంది, ఏ గంటా మోగదు, నువ్వు మాత్రం పక్క గడిలో ఉంటావు. హీరో అక్కడున్నాననుకుని ఇక్కడ ఉండటం! టెన్షన్ కోసం నువ్వు తుపాకులు తెచ్చావు. అవసరం లేదు.

నువ్వు అడిగినవి ఐదు ప్రశ్నలున్నాయి. కలం పేరు పెట్టుకోవాలా, పోటీలకి పంపాలా, ఉత్తమ పురుషలో రాయాలా... మిగతావి గుర్తులేవు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను. ఇప్పుడొచ్చే కథలన్నీ ‘నేను’తోనే మొదలై ‘నేను’తోనే అయిపోతున్నాయి కాబట్టి ఆ చివరిదానికి మాత్రం నా జవాబు నీకు తెలిసే ఉంటుంది. మిగతావి ఎవరైనా చెప్తారు.

నాలుగో పేజీ నుంచి తిరిగి రాయి. పదకొండో పేజీ ముట్టుకోవద్దు, కామా కూడా మార్చొద్దు. మళ్ళీ పంపేటప్పుడు కాగితం పైన, నీ పేరు రాసుకునే చోట, స్కానర్ నీళ్ళకి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో రాసి పంపు. ఆ అంకె చూశాకే కథ చదువుతాను.

— పాత మెకానిక్