సందేహాలు – సమాధానాలు: మందార నూనెలో నూనె దేనిది?

సందేహం: గురువుగారికి నమస్కారం. మేము బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి నలుగుపిండి, తలంటుకు కుంకుడు–శీకాయ పొడి, మందార నూనె తయారుచేస్తున్నాం. కొనేవాళ్లలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఉన్నారు కాబట్టి చీటీలు రెండు భాషల్లోనూ వేయించాలనుకున్నాం. ఒడియా చీటీలో ‘ఉపాదాన’ అన్న మాట ఉంది. తెలుగులోనూ ‘ఉపాదానాలు’ అంటే సరిపోతుందా? బజారులో దొరికే మందార నూనెతో మా నూనెను పోల్చి ‘ఆ నూనె కంటే మా నూనె అధిక కొబ్బరినూనెను కలిగి ఉంది’ అని రాశాం. మా అత్తగారు అది చదివి ‘ఇది తెలుగులా లేదే’ అన్నారు. ఎక్కడ తప్పిందో చెప్పగలరు. మేము గుంటగలగరాకు అనేదాన్ని బజారు సీసా మీద ‘భృంగరాజ్’ అన్నారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

సమాధానం: అమ్మా, మీ అత్తగారు సరిగానే పట్టుకున్నారు. ముందు ‘కలిగి ఉంది’ సంగతి చూద్దాం. ఈ మాట తెలుగుకు కొత్త కాదు. ఓపిక కలిగి ఉండడం, శ్రద్ధ కలిగి ఉండడం అంటూనే ఉంటాం. అయితే అవి మనిషికీ మనిషి గుణానికీ చెందిన ప్రయోగాలు. ఒక గిన్నెలోనో సీసాలోనో పొడిలోనో ఏముందో చెప్పవలసి వచ్చినప్పుడు మనం ‘లో’ వేసి ‘ఉంది’ అంటాం. పులుసులో బెల్లం ఉంది, నలుగుపిండిలో కచ్చూరాలు ఉన్నాయి. మీ పొరుగింటి ఒడియావారు కూడా ‘ఎథిరే అఁళా అఛి’, అంటే ‘ఇందులో ఉసిరి ఉంది’ అనే అంటారు. మీరు రోజూ వింటున్న రెండు భాషల్లోనూ వాక్యం ఒకే తీరుగా నడుస్తుంటే, ‘ఉసిరిని కలిగి ఉంది’ అన్నది ఇంగ్లీషు చీటీని పక్కన పెట్టుకుని మాటకు మాట దింపినప్పుడు పుట్టింది. మీ పక్కనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలూ పాఠాలూ ఉండాలని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించారు. కొనేవాళ్లు చేతిలోకి తీసుకుని చదివే చీటీకి ఆ వాదం మరింత వర్తిస్తుంది.

ఇక ‘ఆ నూనె కంటే’. ‘కంటె’ పంచమీ విభక్తి ప్రత్యయమని ‘వలనన్, కంటెన్, పట్టి’ అని చిన్నప్పుడు వల్లించినవాళ్లందరికీ తెలుసు. తెలియవలసింది అది దేనికి తగలాలన్నది. ‘ఆ నూనె కంటే మా నూనెలో కొబ్బరినూనె ఎక్కువ’ అంటే వ్యాకరణం ప్రకారం ఆ నూనెకూ మీ కొబ్బరినూనెకూ పోలిక పడుతోంది. మీరు పోల్చదలచింది ఆ సీసాలో ఉన్న కొబ్బరినూనెనూ మీ సీసాలో ఉన్న కొబ్బరినూనెనూ. రెండుచోట్ల ఉన్న ఒకే వస్తువును పోల్చేటప్పుడు ‘లో’ రెండువైపులా రావాలి: ‘ఆ నూనెలోకంటే మా నూనెలో కొబ్బరినూనె ఎక్కువ’. ‘ఇంట్లోకంటే తోటలో చల్లగా ఉంది’ అనడంలో ఎవరికీ తడబాటు రాదు. అదే పద్ధతి ఇక్కడా. ‘లోకన్నా’ అన్నా ఒకటే. మాటల్లో ఒక ‘లో’ జారిపోయినా వినేవాళ్లు సర్దుకుంటారు. కొనేవాళ్లు డబ్బు పెట్టే వస్తువు మీద అలా సర్దుకోమని వాళ్లను అడగకూడదు.

వాక్యం ఇలా దిద్దిన తరువాత కూడా, దాన్ని చీటీ మీద వేయవద్దనే నా సలహా. దానికి కారణం చెప్పాలంటే మీరు అడగని ఒక మాట దగ్గర ఆగాలి. అది ‘మందార నూనె’.

కొబ్బరినూనె అంటే కొబ్బరిలోనుంచి తీసిన నూనె. నువ్వులనూనె, కానుగనూనె, ఇప్పనూనె కూడా అంతే. గింజను గానుగలో వేసి ఆడితే నూనె దిగుతుంది. మందార నూనె అలాంటిది కాదు. మందార పువ్వును ఎంత నలిపినా జిగురు వస్తుందే తప్ప తలకు రాసుకునే నూనె దిగదు. ఆ పువ్వునూ ఆకునూ వేరొక నూనెలో వేసి కాచితే అది మందార నూనె అవుతుంది. గుంటగలగర నూనె కూడా ఆకురసం పోసి కాచిన నూనే. బజారులో దొరికే ఉసిరి నూనె కూడా ఉసిరికాయ గుజ్జును పిండి తీసింది కాదు. సమాసాల రూపం ఒకటే అయినా, కొబ్బరినూనెలో మొదటి పదం నూనె ఎక్కడనుంచి వచ్చిందో చెబుతుంది. మందార నూనెలో మొదటి పదం నూనెలో ఏం వేశారో చెబుతుంది, నూనె దేనిదో చెప్పదు. ప్రత్యయం లోపించి రెండు పదాలు కలిసిపోయినప్పుడు, ఆ లోపించిన సంబంధమేమిటో చదివేవాళ్లు ఊహించుకోవలసిందే. రెండు సీసాలను పక్కపక్కన పెట్టుకుని పోల్చేవాళ్లకు అసలు చిక్కు అక్కడే ఉంది.

రెండింటి మీదా ‘ఉసిరి నూనె’ అనే ఉండవచ్చు. వెనక ఉన్న పట్టీ చదివితే ఒకదానిలో మొదటి పదార్థం కొబ్బరినూనె, రెండోదానిలో మొదటి పదార్థం లిక్విడ్ పారఫిన్ లేదా మినరల్ ఆయిల్ కావచ్చు. ఈ రెండోదాన్ని తెలుగు చీటీల్లో ‘ఖనిజ తైలం’ అని దింపుతున్నారు. మాట తప్పు కాదు. కాని ఖనిజ లవణాలు ఒంటికి మంచివని బడిలో చదువుకున్న పిల్లలు ఖనిజ తైలం కూడా అలాంటి బలమైన వస్తువే అనుకుంటారు. అది పెట్రోలియం నుంచి శుద్ధిచేసి తీసిన నూనె. వాడకంలో అది హానికరమని నేను అనడం లేదు. మొక్కనుంచి వచ్చింది కాదని మాత్రం చదివేవాళ్లకు తెలియాలి. ‘పెట్రోలియం నుంచి తీసిన నూనె’ అని నాలుగు మాటల్లో రాస్తే సరిపోతుంది.

మన పాత వైద్యులు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేవారు. తైలం అన్న మాట తిల నుంచి, అంటే నువ్వుల నుంచి వచ్చింది. కాబట్టి వైద్యగ్రంథాల్లో విశేషణమేమీ లేకుండా తైలం అంటే నువ్వులనూనె అనే అర్థం చేసుకునేవారు. ఆధారం వేరైతే పేరులోనే చెప్పేవారు. నీలి, గుంటగలగర మొదలైన మూలికలు వేసే నీలిభృంగాదిని కేరళ వైద్యశాలలు కొబ్బరినూనెలో కాస్తే ‘నీలిభృంగాది కేర తైలం’ అంటాయి. అక్కడ ‘కేర’ కొబ్బరి. ఒక్క పదంతో అనుమానం తీరిపోయింది. పాళ్లు కూడా వాళ్లకు నియతమే. ప్రత్యేకించి చెప్పనప్పుడు కల్కం, అంటే నూరిన ముద్ద, ఒక వంతు, నూనె నాలుగు వంతులు, రసమో కషాయమో పదహారు వంతులు. కాగుతున్నప్పుడు తడి ఇగిరిపోయిందో లేదో చూడడానికి కల్కాన్ని వేళ్ల మధ్య నలిపి వత్తిలా వస్తుందా అని చూస్తారు. దాన్ని నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. మీ వీధిలో నూనె కాచేవాళ్లు కూడా ఆ చప్పుడు ఆగేదాకా దించరని అనుకుంటాను.

కల్కం, స్వరసం, కషాయం, చూర్ణం, సారం అనే ఈ మాటలను చీటీల్లో ఇష్టంవచ్చినట్టు మార్చి మార్చి వాడుతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నూరిన ముద్ద కల్కం, పిండిన పచ్చి రసం స్వరసం, నీళ్లలో మరిగించి వడగట్టింది కషాయం, ఎండబెట్టి దంచింది చూర్ణం. ఇప్పటి కర్మాగారాల్లో నీటితోనో ఇతర ద్రావకాలతోనో లాగి చిక్కబరిచినది సారం. ఒక గ్రాము ఉసిరి పొడీ ఒక గ్రాము ఉసిరి సారమూ ఒకటి కావు. ‘మా దాంట్లో ఉసిరి రెండు గ్రాములు, వాళ్ల దాంట్లో ఒక గ్రామే’ అని పోల్చేవాళ్లు ముందుగా ఏ రూపంలో వేసిన ఉసిరో చూసుకోవాలి.

పట్టీ చదివే పద్ధతి కూడా భాషకు సంబంధించిందే కాబట్టి చెబుతున్నాను. మన దేశంలో సౌందర్య సాధనాలకు 2020 నాటి నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువనుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతమో అంతకు తక్కువో ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. అందువల్ల ఒక షాంపూ పట్టీ చివర్లో శీకాయ సారం, దాని వెనక కుంకుడు సారం కనబడితే ‘కుంకుడుకంటే శీకాయ ఎక్కువ’ అనడానికి వీలులేదు. ‘శీకాయను ముందు రాశారు’ అనడమే నిజం. ఆయుర్వేద ఔషధంగా లైసెన్సు పొందిన సీసా మీద పద్ధతి వేరు. అక్కడ ప్రతి దినుసుకూ పరిమాణం కూడా ఇవ్వాలి. ఒకటి వరుస చెబుతుంది, ఇంకొకటి కొలత చెబుతుంది. ఈ రెండు రకాల సీసాలను పక్కన పెట్టుకుని ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే మాటలు వాడడం సాహసమే. మీ పోలిక వాక్యాన్ని వద్దన్నది ఇందుకే. బజారు సీసాలో కొబ్బరినూనె ఎంతో ఆ పట్టీ మీకు చెప్పి ఉండకపోవచ్చు. మీ దాంట్లో ఎంతో మీకు తెలుసు, అది రాయండి. అమ్మకానికి తయారుచేసేవాళ్లు తీసుకోవలసిన లైసెన్సు సంగతి కూడా విచారించి ఉంచుకోండి.

‘తో’ దగ్గర కూడా ఒక హెచ్చరిక. ‘మట్టితో చేసిన కుండ’లో అంతా మట్టే. ‘పెరుగుతో అన్నం’లో పెరుగు తోడు మాత్రమే. మీ తలంటు పొడి నిజంగా శీకాయా కుంకుడూ దంచిందే కాబట్టి ‘కుంకుడు, శీకాయలతో చేసిన పొడి’ అని ధైర్యంగా రాయవచ్చు. నురుగుకు సోడియం లారెత్ సల్ఫేట్ వేసి, కొసకు కాస్త కుంకుడు సారం కలిపిన ద్రవానికి మాత్రం ‘కుంకుడుతో చేసిన’ అన్న మాట తగదు. ‘కుంకుడు సారం చేర్చిన’ అనాలి.

పేర్ల విషయానికి వస్తే, గుంటగలగరా భృంగరాజా ఒకే మొక్క. శాస్త్రనామం ఒక సీసా మీద ఎక్లిప్టా ఆల్బా అనీ మరోదాని మీద ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అనీ ఉన్నా కంగారు పడనక్కర్లేదు, అవి ఒకే మొక్కకు వచ్చిన రెండు పేర్లు. ఎంబ్లికా అఫిసినాలిస్, ఫిలాంథస్ ఎంబ్లికా రెండూ ఉసిరే. నేల ఉసిరి మాత్రం వేరు, అది చిన్న మొక్క. కుంకుడుకు ఒడియాలోనూ మరాఠీలోనూ రీఠా అంటారు. మన దక్షిణాదిలో విరివిగా దొరికేది సపిండస్ ట్రైఫోలియేటస్, ఉత్తరాదిది సపిండస్ ముకొరొసి. జాతులు రెండైనా గుణం దగ్గరదే. కలబందను మీ వైపు ఒడియా డబ్బాల మీద ఘికుఆఁరి అనీ, మహారాష్ట్రలోని సిరోంచా వైపు తెలుగువాళ్లకు అందే డబ్బాల మీద కోర్ఫడ్ అనీ చూస్తాం. వీటివల్ల నష్టమేమీ లేదు.

నష్టం వచ్చేది ఒకే పేరు రెండు మొక్కలకు ఉన్నప్పుడు. బ్రాహ్మి అంటే కొందరికి నీటి పట్టున పాకే, చిన్న దళసరి ఆకుల బకోపా. మరికొందరికి గుండ్రటి ఆకుల సెంటెల్లా. ఈ సెంటెల్లాను మీ దగ్గర ఒడియావారు థాల్‌కుడి అంటారు. మందారం విషయంలో మీరు అదృష్టవంతులు, ఒడియాలోనూ అది మందారే. కాని హిందీలో మదార్ అంటే జిల్లేడు. జిల్లేడు పాలు ఒంటికి తగిలితే మండుతాయి. అందుకని హిందీ చీటీ కూడా ఎప్పుడైనా వేయిస్తే ‘గుడ్‌హల్’ అని రాయించండి. ఏ భాష చీటీలోనైనా వాడుక పేరు పక్కన శాస్త్రనామం ఒకసారి ఇస్తే ఎవరికీ అనుమానం రాదు.

‘ఉపాదానం’ ఒడియాలో పదార్థమే కావచ్చు. తెలుగులో మాత్రం ఆ మాటకు శాస్త్రాల్లో ఉపాదాన కారణమన్న (కుండకు మట్టిలా, వస్తువు దేనితో తయారవుతుందో అదన్న) అర్థమూ, వాడుకలో ఇంటింటికీ వెళ్లి భిక్ష ఎత్తడమన్న అర్థమూ ఉన్నాయి. చీటీకి అది పనికిరాదు. పచారీ కొట్టు చీటీలో మనం రాసుకునే ‘దినుసులు’ ఉండనే ఉంది, అదే రాయండి. షాంపూల పట్టీలో రసాయనాలు కూడా కలుస్తాయి కనుక అక్కడైతే ‘పదార్థాలు’ బాగుంటుంది.

మీ నూనె చీటీ పైవరస ఇలా ఉండవచ్చు: ‘మందారం వేసి కాచిన కొబ్బరినూనె’. దాని కింద: ‘దినుసులు: కొబ్బరినూనె, గుంటగలగరాకు రసం, మందార పువ్వులు, మందారాకు, మెంతులు’. వరుసను మీ పాళ్లనుబట్టి సరిచేసుకుని, 100 మిల్లీలీటర్ల నూనె కాచడానికి ఏది ఎంత వేస్తారో ఒక్కొక్కదాని పక్కన అంకెల్లో ఇవ్వండి. ఒడియా చీటీలోనూ ‘మందార తేల’ అని ఒక్కటే ఉంటే ఇదే చిక్కు వస్తుంది కాబట్టి, కొబ్బరినూనెకు వాళ్లు వాడే ‘నడిఆ తేల’ అన్న మాటను అచ్చుకు ఇచ్చేముందే పైవరసలో చేర్పించండి.