‘బ్లిస్’ కథలో పియర్ చెట్టు దేనికి సంకేతం? కథానాయిక బెర్తాకా, ఆమె దాచుకున్న కోరికకా?

కాథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1918లో అచ్చువేసిన ఈ కథని నేను ఎంఏలో చదువుకున్నా, తర్వాత డిగ్రీ పిల్లలకి కూడా చెప్పా. పరీక్షలో ఏది రాయాలని అడిగారు కాబట్టి క్లాసులో తేలినవే చెప్తున్నా.

చెట్టు అంటే బెర్తా అని రాసి ఆపేస్తే ఏమీ రాయనట్టే అండీ, ఎందుకంటే ఆ మాట కథలో బెర్తానే అనుకుంటుంది, అదీ ఎప్పుడు అనుకుంటుందో చూడండి. కిటికీలోంచి తోట చివర నిండా పూసిన చెట్టుని చూస్తుంది, ఒక్క మొగ్గ లేదు, వాడిన రేకు లేదు, కింద గడ్డిలో ఒక బూడిదరంగు పిల్లి పొట్ట ఈడ్చుకుంటూ పోతుంటే దాని వెనకే ఒక నల్లపిల్లి. అది చూడగానే ఒళ్లు జలదరించి కిటికీ దగ్గర్నించి వచ్చేస్తుంది. ఆ తర్వాత సోఫాలో పడి కళ్లు మూసుకుంటే అప్పుడు కనిపిస్తుంది ఆ చెట్టు, తన జీవితానికి గుర్తుగా! అంటే పిల్లుల్ని తీసేసి చెట్టుని మాత్రం ఉంచుకుందన్నమాట. వెంటనే మొగుడు, పాప, ఇల్లు, డబ్బు, స్నేహితులు అని లెక్కపెట్టుకోవడం మొదలెడుతుంది. నిజంగా తృప్తిగా ఉన్నవాళ్లకి అంత లెక్క అవసరం లేదని నా అభిప్రాయం.

మా పిల్లలెవరూ పియర్ చెట్టు చూసినవాళ్లు కాదు, మావిడిపూతలా అనుకోండి అన్నా. అప్పుడో అమ్మాయి ‘మరి కాయేది మేడమ్’ అని అడిగింది, ఎంత మంచి ప్రశ్నో! కథలో పియర్ పళ్లు ఉన్నాయి, కానీ చెట్టుకి కాదు, విందు కోసం కొనుక్కొచ్చి రంగుల పొందిక చూసి గాజుపళ్లెంలో సర్దినవి. బెర్తా కోరిక కూడా అలాగే అలంకారంగా మారిపోయింది, ఈ ఒంటిని ఫిడేలులా పెట్టెలో పెట్టి మూసేయాల్సొస్తే అసలెందుకిచ్చారు అని మొదట్లోనే అడుగుతుంది కదా.

ఇంక రాత్రి సీను. విందుకి వెండిరంగు బట్టల్లో వచ్చిన స్నేహితురాలు పెర్ల్, తెలుపూ ఆకుపచ్చా వేసుకున్న బెర్తా, ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూస్తుంటే చెట్టు చందమామ అంచుని తాకబోతున్నట్టు ఉంటుంది. అక్కడ పెర్ల్ నిజంగా ఏదైనా అందా, బెర్తా ఊహించుకుందా అన్నది రచయిత్రి తేల్చదు. ఆ కాసేపటికే బెర్తాకి జీవితంలో మొదటిసారి మొగుడు హారీ మీద కోరిక పుడుతుంది. పెర్ల్ పక్కన రాజుకున్నది హారీ వైపు మళ్లింది, ఎందుకంటే పెళ్లయిన ఆడదానికి పేరుపెట్టి చెప్పుకోగలిగిన దారి అదొక్కటే. పియర్ పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి అది ద్విలింగ ప్రేమకి సంకేతమని కొందరు విమర్శకులు అంటారు, నాకది కాస్త లాగినట్టుంటుంది, కిటికీ సీనే చాలు.

చివర్లో హాల్లో హారీ, పెర్ల్ ప్రేమికుల్లా దగ్గరగా ఉండటం బెర్తా చూశాక, పెర్ల్ వెళ్తుంటే ఇంకో అతిథి ఎడ్డీ ఆమె వెనకాల ఆ నల్లపిల్లిలాగే పోతాడు, ఆ పోలిక కథలోనే ఉంది. బెర్తా కళ్లు మూసుకుని తప్పించుకున్న పిల్లులు తిరిగొచ్చాయి, చెట్టు మాత్రం ఆమె కోసం ఒక్క రేకు కూడా రాల్చలేదు. అందుకే చెట్టుని ఒక్కదాన్నే పట్టుకోకండి, మీ ఆన్సర్ పిల్లుల దగ్గర మొదలెట్టి, బెర్తా దేన్నుంచి చూపు తిప్పుకుంటోందో ఆ వాక్యాలు చూపిస్తూ రాయండి.