సర్జన్ ఎదగడానికి గురువు ఎంతవరకు అవసరం?

సర్జరీ పీజీలో చేరిన తమ్ముడొకరు అడిగాడు: చెయ్యి తిరగాలంటే మంచి గురువు దొరకాల్సిందేనా, రేపు సీనియర్ అయ్యాక టీమ్‌ని నడపడం ఎలా వస్తుంది అని.

మాది పర్లాకిమిడి. ఇరవై ఏళ్లు దాటింది, ఇటు ఒడిశా వాళ్లూ అటు శ్రీకాకుళం వాళ్లూ నా దగ్గరికి వస్తుంటారు. చెయ్యి తిరగడానికి కేసులు చాలు. ముడులు వెయ్యడం నేను హాస్టల్లో మంచం కోడుకి దారం కట్టి నేర్చుకున్నాను. గురువుతో పని వేరే చోట పడుతుంది.

నా మొదటి హెర్నియా రోజు మా సార్ అసిస్టెంట్ నిలబడే వైపు వెళ్లి, కోత అంచుల్ని పక్కకి లాగిపట్టే రిట్రాక్టర్ పట్టుకున్నారు. నేను తడబడితే పని లాక్కోలేదు. "ఏటి కనపడుతోంది బాబూ?" అనేవారు, నేను చెప్పేదాకా ఆగేవారు. గంట పని రెండు గంటలైంది. స్పైనల్, అంటే వెన్నులో ఇచ్చిన మత్తు, దిగిపోతుందేమోనని మత్తు డాక్టరుగారు ఒకటే గొణుగుడు. సవర పేషెంట్ వస్తే నొప్పి ఎక్కడని సార్ వాళ్ల మాటలోనే అడిగేవారు. గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకున్న ఊరివాణ్ణి, నాకు ఆ ఒక్క ముక్కా రాదు!

నేను సీనియర్ అయ్యాక ఇదంతా మరిచాను. ఒకసారి లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీస్తున్నాను, వాపు బాగా ఉంది. గొట్టం మూయడానికి క్లిప్ వెయ్యబోతుంటే కెమెరా పట్టుకున్న జూనియర్ అమ్మాయి "సార్..." అంది. "కెమెరా కదపకు" అని కసిరాను. అంతే, నోరు మూసుకుంది. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి ఒక గొట్టం, ఒక రక్తనాళం, రెండే రెండని తేటగా కనపడాలి, కింది భాగం లివర్ నుంచి విడిపడాలి, ఆ తర్వాతే క్లిప్. నేనే పీజీలకి వల్లె వేయించే పాఠం అది. ఈలోగా సిస్టర్ ఒడియాలో, ఆ అమ్మాయి ఏదో చెబుతోంది వినండి సార్ అంది. ఆగి చూశాను. నేను పట్టుకున్నది సీబీడీ, అంటే లివర్ నుంచి పేగుకి పైత్యరసం తీసుకెళ్లే అసలు గొట్టం. పొట్ట తెరిచి పూర్తిచేశాం. పేషెంట్ బాగానే ఇంటికి వెళ్లాడు.

సాయంత్రం టీ దగ్గర "గట్టిగా చెప్పొచ్చుగా అమ్మా?" అన్నాను. "మీరు కోప్పడతారని సార్."

ఆ రాత్రి నిద్రపట్టలేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు టీమ్‌లో అందరూ పేరూ పనీ చెప్పుకోవాలని ఉంది. మా దగ్గర ఏళ్ల తరబడి సిస్టరే టిక్కులన్నీ పెట్టేసేది. నాకూ అదొక తంతులాగే అనిపించేది. కానీ ఒకసారి గొంతు విప్పినవాళ్లు రెండోసారి నోరు విప్పడానికి అంత జంకరు, ఇది నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ముందు నా పేరు నేనే చెప్పి, డౌటొస్తే నన్ను ఆపమంటాను.

కాబట్టి తమ్ముడూ, చెయ్యి వేగం చూసి గురువుని వెతుక్కోకు. కేసు చెడినప్పుడు అందరి ముందూ "తప్పు నాది" అనగలిగినవాళ్ల వెనక తిరుగు. అలాంటివాళ్లు తక్కువే.

అన్నట్టు, మా థియేటర్ బాయ్‌ని పదకొండేళ్లుగా తప్పు పేరుతో పిలుస్తున్నానని కూడా ఆ పేర్ల వరసలోనే తెలిసింది.