కారును కిందికి దించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ స్విఫ్ట్ కారును 40 మిల్లీమీటర్లు దించాలని ఉందనీ, ఏ స్ప్రింగులు కొనాలో చెప్పమనీ రాశావు. స్ప్రింగుల కన్నా ముందు షాక్ అబ్జార్బర్ల గురించి అడిగి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. లారీల కమాన్ కట్టలు విప్పడంతో మొదలుపెట్టి ముప్పై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో ఇదే పని చేస్తున్నాను. దించిన తర్వాత పాడై నా దగ్గరికి వచ్చిన కార్లలో చాలావాటికి స్ప్రింగులు మాత్రమే మార్చి, షాకులు పాతవే ఉంచారు.

చక్రం ఎగిరినప్పుడల్లా షాకులోని రాడ్డు లోపలికి జారాలి. ఆ జారే దూరం 70 మిల్లీమీటర్లు అనుకుందాం. పొట్టి స్ప్రింగుతో కారును 40 దించితే మిగిలేది 30. ఒక మోస్తరు గుంతకే అది అయిపోతుంది. ఆ తర్వాత బరువంతా రాడ్డుకు తొడిగిన బంప్ స్టాప్ రబ్బరు మీద పడుతుంది. కారు నడుస్తున్నట్టు ఉండదు, దూకుతున్నట్టు ఉంటుంది. కొందరు మేస్త్రీలు ఆ రబ్బరును సగానికి కోసి చోటు దొరికిందంటారు. కోత మితిమీరితే పిస్టన్ వెళ్లి షాకు అడుగున కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు రాడ్డు వెంట నూనె కారుతుంది.

అందుకని దించిన కారుకు పొడవు తక్కువగా ఉండి, గట్టి స్ప్రింగు విదిలింపును అదుపు చేయగల షాకు కావాలి. బిల్‌స్టైన్ కంపెనీ మామూలు ఎత్తుకు బీ6, దించిన కార్లకు బీ8 అని రెండు రకాలు చేస్తున్నది ఇందుకే. నీ మోడల్‌కు సరిపోయే పొట్టి షాకు ఏ కంపెనీదీ దొరక్కపోతే 25 మిల్లీమీటర్లకు మించి దించకు. స్ప్రింగులు కూడా నీ కారు కోసం చేసినవే, నాలుగూ ఒకే కంపెనీవి తీసుకో.

స్ప్రింగు కోయిస్తానని మాత్రం అనకు. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే గట్టిదనం ఐదో వంతు పెరుగుతుంది. బరువు మోసే ప్రయాణం మాత్రం తగ్గుతుంది. కోసిన కొస స్ప్రింగును పట్టే గిన్నెలో సరిగా కూర్చోదు. గ్యాసు మంటతో కాల్చి దించేవాళ్లు ఇంకా ప్రమాదకరం, ఉక్కుకు పట్టించిన పదునే పోతుంది. ఒకసారి కోసిన స్ప్రింగులు వేయించుకున్న కుర్రవాడి కారును జాకీ మీద లేపగానే వెనక స్ప్రింగు జారి నా కాళ్ల దగ్గర పడింది. అదే హైవే మీద, వంతెన దిగేటప్పుడు జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది.

నీ కారు నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నలుగురు కూర్చుని డిక్కీలో సామాను పెడితే అందులోనూ కొంత పోతుంది. నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. నీ కారు వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2.45 మీటర్లే కాబట్టి దాని మీదికి నాలుగు చక్రాలూ ఎక్కేస్తాయి, పొట్ట తగలదు. మన కాలనీలలో కాంక్రీటుతో పోసిన సన్నని గట్లతోనే చిక్కు. ముందు చక్రాలు దాటాక, వెనకవి ఎక్కకముందు గట్టు సరిగ్గా పొట్ట కింద ఉంటుంది.

కారు దిగితే మలుపుల్లో వాలడం తగ్గుతుందని నువ్వు రాసింది సగమే నిజం. స్విఫ్ట్ ముందువైపు ఉన్నది మాక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే షాకు, స్ప్రింగు కలిసి ఒకే స్తంభంలా ఉండే అమరిక. బాగా దించితే, చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు కారు ఒరగడానికి ఆధారమైన రోల్ సెంటర్, కారు బరువు కేంద్రం దిగిన దానికన్నా ఎక్కువగా దిగిపోతుంది. ఒరిగించే శక్తి తగ్గకపోగా పెరుగుతుంది. స్ప్రింగు గట్టిదనమే దాన్ని కప్పిపుచ్చుతుంది. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారి చక్రాల టో, అంటే అవి ముందుకు చూసే దిశ, తప్పుతుంది, టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. అందువల్ల బిగించిన వెంటనే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక 500 కిలోమీటర్లకు మరోసారి వీల్ అలైన్‌మెంట్ చేయించు. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించు.

షాకు చుట్టూ స్ప్రింగు ఉండి, మరలు తిప్పి ఎత్తు మార్చుకునే కాయిలోవర్ల మోజు నీకు ఉందని తెలుసు. కొన్నిటిలో స్ప్రింగు కింది గిన్నెను తిప్పి ఎత్తు మారుస్తారు, అలా దించిన కొద్దీ షాకు ప్రయాణం తగ్గిపోతుంది. కింది బ్రాకెట్‌ను విడిగా తిప్పే రకంలో ఆ ప్రయాణం అలాగే ఉంటుంది. కొంటే రెండో రకమే కొను. వాటి మరలకు మన వానాకాలపు బురద, సముద్రపు గాలి పడవు. ఏడాదికొకసారి విప్పి శుభ్రం చేసే ఓపిక లేకపోతే వాటి జోలికి పోకు.

బిగించే రోజు మేస్త్రి పక్కనే నిలబడు. లోయర్ ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు కారు చక్రాల మీద నిలిచాకే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. స్ట్రట్ పైనున్న బేరింగ్ అరిగి ఉంటే అప్పుడే మార్పించు.

ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో చేర్చారు. ఆర్టీవో కార్యాలయంలో అడగకుండా, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయకుండా ఒక్క బోల్టు కూడా విప్పించకు.

ఈలోగా ఒక పని చెయ్యి. సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలువు. ఖాళీగా ఒకసారి, నలుగురిని కూర్చోబెట్టి ఒకసారి. ఆ ఎనిమిది కొలతలూ ఆదివారంలోగా పంపితే ఏ షాకు కొనాలో, నీ కారు ఎంతవరకు దిగగలదో కూర్చుని లెక్క వేద్దాం. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య