అమ్మ చూపే టెన్షన్

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. తెనాలిలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. నాలుగేళ్ల కిందట నా గురించి ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గొంతులు వినిపించేవి. మందులతో తగ్గాయి. బాగానే ఉన్నాను కదా అని పోయినేడాది మాత్రలు ఆపేస్తే, రెండు నెలలకే తిరగబెట్టింది. ఇప్పుడు మళ్లీ వాడుతున్నాను. కానీ కాస్త గట్టిగా నవ్వినా అమ్మ "మాత్ర వేసుకున్నావా?" అంటుంది. జబ్బు కంటే ఆ చూపే ఎక్కువ టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: మీ ఆఖరి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను బాబూ. నా దగ్గరికొచ్చే చాలామంది మనసులో ఉన్న బాధ ఇదే. గట్టిగా నవ్వినంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు, అమ్మగారికి ఈ జవాబు చూపించండి.

పోయినసారి గొంతులకు ముందు ఏం జరిగింది? వరసగా నిద్ర లేకపోవడమా, షాపుకొచ్చే వాళ్ల మీద అనుమానమా? గుర్తున్నవి ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. అవి కనిపిస్తేనే అమ్మ అడగాలి, మీరు వెంటనే డాక్టరును కలవాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. మగతో, బరువు పెరగడమో ఇబ్బందైతే మందు మార్చవచ్చు. నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి, రోజూ ఆ ప్రశ్న ఉండదు. ఒకవేళ మళ్లీ వస్తే ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చింది. రాత్రిపూట భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.